ఇల్లాలి కంచంలో ఏముంది?

“నిన్న పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నారో వరసగా చెప్పండి” అని డాక్టరమ్మ అడిగితే నేను తడుముకోకుండా మొదలుపెట్టాను.

“పొద్దున మావారికి ఇడ్లీ, కొబ్బరి పచ్చడి. మా అబ్బాయి ఇడ్లీ ముట్టడు, వాడికి దోసె. అమ్మాయి ట్యూషన్‌కి టైమైపోతోందని పాలు మాత్రం తాగి వెళ్ళింది. మధ్యాహ్నం దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు. అత్తయ్యగారికి రాత్రిపూట అన్నం అరగదు, అందుకని ఆవిడకి రెండు పుల్కాలు...”

ఆవిడ కలం కింద పెట్టి నవ్వారు. “ఇంట్లో అందరి సంగతీ చెప్పారమ్మా. మరి మీరేం తిన్నారు?”

నిజం చెప్పొద్దూ, నాకు గుర్తు రాలేదు! ఎవరికి ఏది ఇష్టమో, ఎవరి డబ్బాలో ఏం సర్దానో అన్నీ గుర్తున్నాయి. నా నోట్లోకి ఏం వెళ్ళిందో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ గదిలో నేను పడిన సిగ్గు అంతా ఇంతా కాదు.

అసలు అక్కడిదాకా వెళ్ళడానికి కారణం నా తెలివితేటలే. మా ఆడపడుచు కూతురి పెళ్ళి రెండు నెలల్లో ఉందనగా బీరువాలోంచి పట్టుచీరల జాకెట్లు తీస్తే ఒక్కటీ చెయ్యి పట్టలేదు. తూకం చూసుకుంటే 71 కిలోలు. నా ఎత్తు చూస్తే ఐదడుగుల రెండంగుళాలు! ఇంకేముంది, మర్నాటి నుంచి అన్నం మానేశాను. పొద్దున కాఫీ, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రికి ఒక ఆపిల్. లంఖణం పరమౌషధం అన్నారు కదా పెద్దలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తొమ్మిదో రోజున కూరల సంచీతో మా మూడో అంతస్తుకి మెట్లెక్కుతుంటే, రెండో మలుపు దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. సంచీలోని టమాటాలు ఒక్కొక్క మెట్టే దొర్లుకుంటూ కిందికి పోతున్నాయి. నేను గోడ పట్టుకుని కూలబడిపోయాను. పక్కింటి వదినగారు చూసి మంచినీళ్ళు పట్టి, ఆ సాయంత్రం వద్దంటున్నా వినకుండా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళారు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 అని వచ్చింది. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి.

“ఇంత లావుగా ఉన్నాను కదండీ, నాకు రక్తం తక్కువేమిటి?” అన్నాను నమ్మలేక.

“లావు వేరు, బలం వేరు” అన్నారావిడ. “ఇది తొమ్మిది రోజుల పస్తుతో వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి మీరు తిన్న తీరువల్ల వచ్చింది. పస్తు దాన్ని బయటపెట్టింది, అంతే.”

లావుగా ఉన్నా నీరసమే

మనలో చాలామందికి ఫిట్‌నెస్ అంటే నాజూకుగా ఉండటమే. నడుం సన్నగా ఉంటే ఆరోగ్యం, లావుగా ఉంటే “బాగా తింటోంది” అని ఒక ముద్ర. కానీ మంచినీళ్ళ బిందె ఎత్తితే ఆయాసం రాకపోవడం, రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలగడం, సాయంత్రం ఆరింటికి కూడా పొద్దుటిలా నవ్వుతూ మాట్లాడగలగడం, ఇదీ అసలు దేహదారుఢ్యం. అది సన్నగా ఉన్నవాళ్ళందరికీ ఉండదు. నాలాంటి బొద్దు మనుషులకి రాదనీ లేదు.

నాది ఒంటరి కథ కూడా కాదని తర్వాత తెలిసింది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే పేరంటానికి పదిమంది వస్తే అందులో ఐదారుగురికి రక్తం తక్కువే! అదే సర్వేలో ఇంకో లెక్క చూడండి. ఉండాల్సినదానికంటే బరువు ఎక్కువున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఒకపక్క బరువు, ఇంకోపక్క నీరసం. ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో.

ఇదెలా సాధ్యం? కడుపు నిండడం వేరు, వంటికి కావలసినవి అందడం వేరు. మనం చేసే తప్పంతా ఆ రెండింటి మధ్యనే ఉంది.

నోటు పుస్తకం చెప్పిన నిజం

డాక్టరమ్మ మందులతోబాటు ఒక పని అప్పగించారు. వారం రోజులపాటు నేను తిన్న ప్రతిదీ ఒక పుస్తకంలో రాసుకురమ్మన్నారు. “మీవాళ్ళవి కాదు, మీవి మాత్రమే” అని మరీ మరీ చెప్పారు.

మా అబ్బాయి పాత లెక్కల నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. కథలు రాసుకునే దాన్ని, ఇదెంత పని అనుకున్నాను. తీరా వారం అయ్యాక చదువుకుంటే నా కథలన్నిటికంటే ఇదే ఎక్కువ విషాదంగా ఉంది!

పొద్దున ఐదున్నరకి కాఫీ. ఎనిమిదింటికి పిల్లలకి డబ్బాలు కడుతూ మళ్ళీ కాఫీ. తొమ్మిదిన్నరకి అబ్బాయి వదిలేసిన సగం దోసె. పారెయ్యడం ఇష్టం లేక కూతురు వదిలేసిన పాలమీది మీగడ. మధ్యాహ్నం రెండున్నరకి భోజనం. అప్పటికి పప్పు గిన్నెలో అడుగుకి అంటుకున్నది మిగులుతుంది, కూర అసలు మిగలదు. అందుకని ఆవకాయ కలుపుకుని పెద్ద ముద్దలు, తర్వాత మజ్జిగన్నం. నాలుగింటికి కాఫీ, చేగోడీలో కారప్పూసో గుప్పెడు. రాత్రి పదింటికి అందరి భోజనాలయ్యాక, గిన్నెలో మిగిలిపోయిన అన్నం “రేపటికి ఎవరు తింటార్లే” అని మొత్తం నేనే.

వారం మొత్తం మీద ఆకుకూర నా కంచంలోకి ఒక్కసారి వచ్చింది. గుడ్డు ఒక్కటీ లేదు. పండు లేదు. ఇంట్లో అరటిపళ్ళు డజను తెస్తే, నల్లగా మగ్గిపోయినవి రెండు మాత్రం నావి.

కాఫీకి రెండు చెంచాల చొప్పున రోజుకి ఆరు చెంచాల పంచదార. అంటే దాదాపు 30 గ్రాములు, 120 కెలోరీలు. బలాన్నిచ్చేది అందులో ఏమీ లేదు. లావుకి లావు, నీరసానికి నీరసం ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ పేజీలే చెప్పేశాయి. ఇంట్లో మిగిలిందల్లా వేసుకునే గంప నేనే!

కంచంలో కొలతలు

మన హైదరాబాద్‌లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న విభాగమది. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చింది. ఆ బెరిబెరి దేనివల్లనుకున్నారు? మల్లెపువ్వులా తెల్లగా మర పట్టించిన బియ్యం మీదే ఆధారపడితే, తవుడుతోబాటు పోయే బి1 విటమిన్ అందక వచ్చే జబ్బు. అన్నం తెల్లగా ఉండాలన్న మోజుకి నూరేళ్ళ క్రితమే చీటీ రాసిచ్చారన్నమాట. అయినా మన మోజు తీరలేదు.

ఆ సంస్థ 2024లో భారతీయులకు ఆహార సూచనలు కొత్తగా విడుదల చేసింది. రోజుకు 2000 కెలోరీల భోజనం లెక్కలో బియ్యం, గోధుమలు, జొన్నల వంటి ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఎక్కువసేపు కూర్చుని పనిచేసే స్త్రీలకి 2000 కెలోరీలు కూడా అక్కర్లేదు, ఇంకా తక్కువే చాలు.

తూకం వేసుకుంటూ వండుకోవడం మన వల్ల అయ్యే పనేనా అంటారా? నేనూ అదే అన్నాను. అందుకని డాక్టరమ్మ తేలికైన గుర్తు చెప్పారు. కంచాన్ని మనసులో రెండు సగాలు చేసుకోవాలి. ఒక సగం నిండా కూర, ఆకుకూర, పచ్చి ముక్కలు. రెండో సగాన్ని మళ్ళీ రెండు చేసి ఒక పాలు అన్నం లేదా రొట్టె, ఇంకో పాలు పప్పో, గుడ్డో, చేపో. పక్కన చిన్న గిన్నెతో పెరుగు.

మన పద్ధతి చూడండి. కంచం నిండా అన్నం, దాని నెత్తిన చెంచాడు పప్పు, అంచుకి కూర. అంటే సరిగ్గా తలకిందులు!

కండకి కావలసింది పప్పు గిన్నెలో ఉంది

కండ పెరగాలన్నా, ఉన్న కండ నిలవాలన్నా మాంసకృత్తులు కావాలి. 55 కిలోల బరువుండే స్త్రీకి రోజుకి సుమారు 46 గ్రాములు అవసరమని లెక్క. 30 గ్రాముల కందిపప్పులో ఏడు గ్రాముల దాకా ఉంటాయి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. గుప్పెడు పల్లీల్లో ఏడు గ్రాములు. అన్నంలో కూడా కొంత ఉంటుంది కానీ, అందులో లోటుగా ఉండే భాగాన్ని పప్పు పూరిస్తుంది. పప్పూ అన్నం కలిపి తినమన్న మన పెద్దవాళ్ళ పద్ధతి ఉత్తినే వచ్చింది కాదు.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ పప్పు మన దాకా వచ్చేసరికి చారులా పలచనైపోతోంది. ఆఖరున వచ్చే ఇద్దరికి సరిపోవాలని గ్లాసుడు నీళ్ళు పోసి కలిపేది మనమే, ఆ నీళ్ళ పప్పు తినేదీ మనమే.

నలభయ్యో పడి దగ్గర పడుతున్నకొద్దీ కండ నెమ్మదిగా తగ్గడం మొదలవుతుంది. అలాంటప్పుడు పస్తులుంటే కొవ్వుతోబాటు కండ కూడా కరుగుతుంది. తూకంలో ముల్లు కిందికి దిగిందని మనం సంబరపడతాం. తీరా మళ్ళీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే బరువు తిరిగొస్తుంది కానీ, పోయిన కండ అంత తేలిగ్గా తిరిగి రాదు. అన్నం మానేసి నేను బావుకున్నది ఇదే.

తిన్నది వంటికి పట్టాలి కదా

నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించిన సంగతి కాఫీ, టీలది. టిఫిన్ అవగానే వేడివేడి కాఫీ పడాల్సిందే మనకి. అయితే కాఫీ, టీలలో ఉండే కొన్ని పదార్థాలు తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయట. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీలు వద్దని పోషకాహార సంస్థవాళ్ళు చెబుతున్నారు. అంటే తోటకూర వండుకుని తిన్న వెంటనే కాఫీ తాగితే, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది. సి విటమిన్ ఉన్న పులుపు ఇనుము పట్టడానికి సాయం చేస్తుంది. ఆకుకూర పప్పు దించాక నిమ్మకాయ పిండుకోవడం, అన్నంలో మొదటి ముద్ద ఉసిరికాయ పచ్చడితో తినడం, భోజనమయ్యాక ఒక జామకాయ. అంతే! జామకాయలో సి విటమిన్ నారింజ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మనం మాత్రం జ్వరం వస్తే నారింజపళ్ళు కొంటాం, పెరట్లో జామకాయలు చిలకలకి వదిలేస్తాం.

పెసలు, శనగలు మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా వాటిలోని ఇనుము ఇంకొంచెం బాగా పడుతుంది. అటక మీద పడేసిన ఇనప మూకుడు కిందికి దించి కూరలు వేయించుకుంటే దాన్నుంచి కూడా కొంత ఇనుము తిండిలోకి వస్తుంది.

ఆకుకూరల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రక్తం పట్టడానికి ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆ పేరు ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. 1940లలో అమెరికాలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినది ఎవరో తెలుసా? 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. డాక్టరు రాసిచ్చే ఆ చిన్న మాత్ర వెనక మన తెలుగువాడి చెయ్యి ఉందని తెలిశాక, మానకుండా మింగాలనిపించింది నాకు!

ఖరీదైనవేం అక్కర్లేదు

బలం అనగానే డబ్బాల్లో అమ్మే పొడులు, ఎక్కడినుంచో వచ్చే పండ్లు గుర్తొస్తాయి. మన నెల బడ్జెట్‌లో వాటికి చోటెక్కడ? వాటి అవసరం కూడా లేదు.

వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. అదే బియ్యంలో పది మిల్లీగ్రాముల చిల్లర. నువ్వుల్లో అయితే వంద గ్రాములకి 1000 మిల్లీగ్రాములు దాటుతుంది. ఆషాఢంలో మునగాకు తినాలని మన నాయనమ్మలు పట్టుబట్టేవారు గుర్తుందా? ఆ ఆకులో కాల్షియం, ఇనుము రెండూ మెండు. ఉలవచారు, రాగిసంకటి, జొన్నరొట్టె, సున్నుండలు, నువ్వులుండలు... ఇవన్నీ మనవే. పేదవాళ్ళ తిండి అని మనం చిన్నచూపు చూసినవే ఇప్పుడు అందమైన పొట్లాల్లో నాలుగింతల ధర పలుకుతున్నాయి.

శాకాహారులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బి12 విటమిన్ మొక్కల నుంచి వచ్చే తిండిలో దొరకదు. పాలు, పెరుగు మానకూడదు. గుడ్డు తినే అలవాటుంటే మరీ మంచిది.

నూనె లెక్క కూడా చూసుకున్నాను. మనిషికి రోజుకి 27 గ్రాముల చొప్పున మా ఐదుగురికి నెలకి నాలుగున్నర లీటర్లు మించకూడదు. మా ఇంటికి వస్తున్నది ఆరు లీటర్లు! వేపుళ్ళు వారానికి రెండు రోజులకి తగ్గించి, మిగతా రోజులు ఇగురు, పులుసు, ఆవపెట్టిన కూరలు చేస్తున్నాను. మిగిలిన నూనె డబ్బులతో వారం వారం పండ్లు వస్తున్నాయి. ఉప్పు మనిషికి రోజుకి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. అందులోనే ఊరగాయ, అప్పడం కూడా కలుపుకోవాలి మరి.

అత్తయ్యగారి మాట

ఇంత చదివాక, “చెప్పడం తేలికే, ఇంట్లో కుదరాలిగా” అంటారని తెలుసు. నాకూ మొదట కుదరలేదు. మగవాళ్ళ కంటే ముందు కంచం పెట్టుకుని కూర్చోవడానికి నాకే చేతులు రాలేదు. ఎవరూ వద్దనలేదు సుమండీ! పద్దెనిమిదేళ్ళ అలవాటు వద్దంది.

అందుకని చిన్న ఉపాయం చేశాను. వంట దించగానే అందరికంటే ముందు నా వాటా పప్పు, కూర ఒక గిన్నెలోకి తీసి మూత పెట్టేదాన్ని. రెండో రోజే అత్తయ్యగారు చూశారు.

“అదేమిటమ్మాయ్, ఎవరికి దాస్తున్నావు?” అన్నారు.

“నాకేనండి అత్తయ్యా” అన్నాను దొంగతనం చేసి పట్టుబడ్డదానిలా.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఉమ్మడి కుటుంబంలో పద్నాలుగు మందికి వండి వార్చిన రోజుల్లో, మూడో పంక్తిలో కూర్చునే కోడళ్ళకి మిగిలేది చారు, పచ్చిమిరపకాయ. పెద్దవాణ్ణి కడుపుతో ఉన్నప్పుడు వంటింటి గుమ్మంలో రెండుసార్లు పడిపోయారట. “అప్పట్లో దాన్ని దిష్టి అన్నారే తల్లీ. ఎర్రనీళ్ళు తిప్పి పోశారు. ఒక్క ముద్ద పప్పు పెట్టాలని ఎవరికీ తోచలేదు” అన్నారు.

మర్నాడు నా గిన్నె మీద మూత నేను పెట్టలేదు. ఆవిడే కూర తీసి పెట్టి, “ఇదుగో, నీ వాటా” అన్నారు. ఆ తర్వాత వారానికి మావారే, “అందరం ఒకేసారి కూర్చుంటే పోలేదూ? గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుందాం” అన్నారు. ఇన్నేళ్ళలో నేను అడిగి ఉంటే ఎప్పుడో అనేవారేమో! అడగకపోవడం నా తప్పే.

నా రోజు ఇప్పుడు ఇలా

పొద్దున లేవగానే గ్లాసుడు నీళ్ళు, కాసేపాగి చెంచా పంచదారతో కాఫీ. గంట దాటాక ఎనిమిదింటికి పిల్లలతోబాటే టిఫిన్. రెండు పెసరట్లు, లేదా ఇడ్లీతో పల్లీ పచ్చడి, లేదా ఉడికించిన గుడ్డు, రాగిజావ.

పదకొండింటికి ఒక పండు. జామ, అరటి, బొప్పాయి, ఆ ఋతువులో ఏది చవగ్గా దొరికితే అది.

ఒంటిగంటకి భోజనం. కప్పుడు అన్నం, రెండు గరిటెల చిక్కటి పప్పు, గిన్నెడు కూర, దోసకాయో క్యారెట్టో పచ్చిముక్కలు, పెరుగు. వారానికి నాలుగు రోజులు ఆకుకూర.

నాలుగున్నరకి వేయించిన శనగలు, పల్లీలు కలిపి గుప్పెడు, లేదంటే ఒక నువ్వులుండ. కాఫీ తాగితే దానికి గంట ఎడంగా.

రాత్రి ఎనిమిదింటికి రెండు జొన్నరొట్టెలు లేదా పుల్కాలు, కూర, పప్పు, మజ్జిగ. ఎనిమిదిన్నర తర్వాత వంటింటి దీపం తీసేస్తున్నాను. మిగిలింది ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, నా కడుపులోకి కాదు.

తిండితోబాటు కదలిక కూడా కావాలి. సాయంత్రం అరగంట చురుగ్గా నడుస్తున్నాను. ఇంటిపనే వ్యాయామం అనుకునేదాన్ని ఇదివరకు. ఇంటిపనితో అలసట వస్తుంది కానీ, గుండెకీ కండకీ కావలసిన కసరత్తు పూర్తిగా అందదని డాక్టరమ్మ అన్నారు.

మూడు నెలల తర్వాత

మూడు నెలలకి హిమోగ్లోబిన్ 11.4కి వచ్చింది. ఇది తిండి ఒక్కదాని మహిమే అని చెప్పను, అబద్ధమవుతుంది. అంత తక్కువ ఉన్నప్పుడు మాత్రలు తప్పవు. డాక్టరమ్మ నెలసరి ఎలా ఉందో అడిగి, నులిపురుగుల మందు వేయించి, ఇనుము మాత్రలు రాశారు. వాటిని నిమ్మరసం నీళ్ళతో వేసుకోవాలి కానీ పాలతోనూ, కాఫీతోనూ వేసుకోకూడదు. కాల్షియం మాత్ర ఉంటే దాన్ని వేరే పూట వేసుకోవాలి. మలం నల్లగా వస్తుంది, కంగారుపడి మానెయ్యక్కర్లేదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే మాత్రం ఎంత తిన్నా చిల్లుకుండలో నీళ్ళే. ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. షుగరు, థైరాయిడ్, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు తిండిలో మార్పులు డాక్టరుని అడిగే చేసుకోవాలి.

బరువు సంగతంటారా? 71 నుంచి 68కి వచ్చాను. అంతే. పెళ్ళికి పాత జాకెట్లు పట్టలేదు, కొత్తవి కుట్టించుకున్నాను. కానీ ఆ పెళ్ళిలో మూడు రోజులూ తిరిగినా కాళ్ళు లాగలేదు. మా మూడో అంతస్తుకి కూరల సంచీతో ఆగకుండా ఎక్కుతున్నాను.

ఇంతా రాసింది నా గొప్ప చెప్పుకోవడానికి కాదు. నన్ను నిజంగా కదిలించిన సంగతి ఇంకొకటుంది.

నా పరీక్షలప్పుడే డాక్టరమ్మ, “మీ అమ్మాయికి కూడా ఒకసారి చేయించండి” అన్నారు. పదహారేళ్ళ పిల్ల, దానికేం అనుకున్నాను. 10.2 వచ్చింది! ఇంటికొచ్చి కోపంతో కేకలేశాను. “నీకేం తక్కువ చేశానే? అన్నీ చేసి పెడుతున్నానుగా, పొద్దున టిఫిన్ తినమంటే తినవు, మధ్యాహ్నం డబ్బా సగం వెనక్కి తెస్తావు!”

అది తలొంచుకుని మెల్లిగా అంది. “నువ్వూ తినవుగా అమ్మా. నేనూ నీలాగే అనుకున్నా.”

నా నోట మాట రాలేదు. నేను కూరలు ఎలా తరుగుతానో, చీర ఎలా కడతానో చూసి నేర్చుకుంటున్న పిల్ల, నేను తినకుండా ఉండటం కూడా చూసి నేర్చుకుంది. నేను త్యాగం అనుకున్నది దానికి పాఠమైంది. రేపు అది అత్తారింటికి వెళ్ళి, ఆఖరి పంక్తిలో అడుగంటిన గిన్నె ముందు కూర్చుంటే ఆ పాపం ఎవరిది?

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. ఒక్కోరోజు నేను హడావిడిగా, “నువ్వు కానివ్వు, నేను తర్వాత తింటాలే” అని లేవబోతే అది నా కొంగు పట్టుకుని కూర్చోబెడుతుంది. “నువ్వు తింటేనే నేను తింటా” అంటుంది. మొన్న దాని రక్తపరీక్షలో 11.8 వచ్చింది.

అందరికీ వడ్డించే చెయ్యి మనది. ఆ చేత్తోనే మన కంచంలో కూడా ఒక గరిటెడు పప్పు వేసుకోవడానికి మొహమాటం ఎందుకు చెప్పండి? ఈ రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్కసారి కిందికి చూడండి. మీ కంచంలో ఏముంది?